జోగయ్య కాలి మీది నల్ల చుక్కలు

2023 వానాకాలం. భద్రాచలం దాటి అడవి మొదలయ్యే చోట ఒక సర్కారు దవాఖానా. దాని పేరు రాయను, ఇందులో మనుషుల పేర్లు కూడా మార్చాను. అక్కడ నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని.

మా ల్యాబ్ ఒకే గది. ఒక కిటికీ ఓపీ వరండాలోకి, ఇంకొకటి బయటి బోరింగు వైపు తెరుచుకుంటుంది. వానలు పడ్డాయంటే మాకు పని మలేరియా స్లైడ్లే. చర్ల పైన ఊళ్ల నుంచి జ్వరాలు ఆటోల్లో, ట్రాక్టర్లలో దిగుతాయి. వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పరాన్నజీవిని వెతకడం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే. ఫంగస్ కోసం వచ్చే నమూనాలు తక్కువ. తామర లాంటివి డాక్టర్లు కంటితో పోల్చి మలాం రాసేస్తారు.

మాది తిరుమలాయపాలెం మండలంలో వరి, మిర్చి పండించే ఊరు. ఇంటర్ తరువాత ల్యాబ్ డిప్లొమా చేశాను. కాలేజీ చదువు అక్కడితో ఆగింది కానీ చదవడం ఆగలేదు. ఖమ్మంలో గ్రంథాలయం సైన్సు అలమారా ముందు నేను గడిపిన ఆదివారాలు చాలా ఉన్నాయి. వ్యవసాయ పుస్తకాలు, ఫంగస్‌ల మీద పాత పాఠ్యపుస్తకాలు, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతున్నాను. జోగయ్య కేసు నాకు సగం మైక్రోస్కోపు దగ్గర అర్థమైతే, సగం ఆ అలమారా ముందు అర్థమైంది.

జోగయ్యది చర్ల అవతల, రోడ్డు ఆగిపోయాక ఇంకా నడవాల్సిన ఊరు. కోయ మనిషి. పోడులో జొన్న, కంది వేసుకుంటాడు. ఎండాకాలం తునికాకు కోస్తాడు, ఇప్పపువ్వు ఏరతాడు, మిగతా రోజుల్లో వెదురు కొట్టి తట్టలు అల్లుతాడు. వెంట భార్య లచ్చమ్మ వచ్చింది. ఆయన లుంగీ పైకి లాగి కుడికాలు చూపించాడు. మడమ పై నుంచి పిక్క సగం దాకా చర్మం కాకరకాయ తొక్కలాగా గరుకుగా, బొడిపెలు బొడిపెలుగా లేచి ఉంది. అక్కడక్కడా పగిలి నీరు కారుతోంది, పైన నల్లగా మసి అట్టకట్టి ఉంది. వాసన వస్తోంది.

చర్మవ్యాధుల డాక్టర్ మేడం మా దవాఖానాకు వారానికి ఒక రోజు వచ్చేది. అప్పుడే పీజీ ముగించుకుని వచ్చిన మనిషి. ప్రశ్నలు నెమ్మదిగా అడిగేది.

"ఎన్నేండ్ల నుంచి ఉంది పెద్దయ్యా?"

"పోడు కొట్టేటప్పుడు ముల్లిరిగింది మేడం. అప్పటికి మా బిడ్డ పెండ్లి కాలే. ఇప్పుడు దాని కొడుకు బడికి పోతుండు."

"ఏమేం మందులు వాడిండ్రు?"

లచ్చమ్మ అందుకుంది. "మొదాల జీడి పెట్టినం. తగ్గలే. ఊళ్లకొచ్చే డాక్టరు సూదులేసిండు, మలాం ఇచ్చిండు. తగ్గలే. ఒక కాడ టీబీ అన్నరు, ఆ గోలీలు మింగిండు. పట్నంల పెద్ద దవాఖానకు పోతె, కాలు తియ్యాలె అన్నరు. గోడ దుంకి వచ్చిండు."

"గోడెందుకు దుంకుత? గేటు తీసే ఉండె," అన్నాడు జోగయ్య.

జీడి అంటే నల్లజీడి గింజ. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టేది. దాన్ని కాల్చి, కారే నూనెను పుండు మీద అంటిస్తారు. చర్మం మాడి నల్లబడుతుంది. మా అడవి ఊళ్లలో గాయానికి అది మొదటి మందు.

మేడం కాలును చాలాసేపు చూసింది. "టీబీ కాదనుకుంటా. ఫంగస్ కావచ్చు. ఖాయంగా చెప్పాలంటే బయాప్సీ తియ్యాలి. చిన్న ముక్క తీసి టెస్టుకు పంపిస్తం."

ముక్క అన్న మాటకే జోగయ్య లుంగీ దించేసి లేచాడు. మేడం జేబులోంచి పెన్ను తీసి మొన చూపించింది. "ఇంతే. మొద్దుబారే సూది ఇచ్చి తీస్తం. నొప్పి తెలియదు."

"మొదాల గంతనే అంటరు మేడం. నాకెర్కనే. పట్నంల గూడ చిన్నగనే మొదలుపెట్టిండ్రు మాట."

లచ్చమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "సూపిచ్చుకోనికి ఒచ్చినం గదా, కూసో."

"కాలు పోతె నాకు అడివి పోయినట్టే. అడివి పోతె ఏం దింట? నువ్వు మోసుకపోతవా నన్ను పోడు మీదికి?"

"తక్కువ మోసిన్నా నిన్ను?"

మేడం గట్టిగా పట్టుపట్టలేదు. భయపెడితే ఈ గేటు కూడా తీసే ఉంది, వెళ్లిపోతాడు. అందుకని స్క్రేపింగ్ రాసి నా దగ్గరికి పంపింది. స్క్రేపింగ్ అంటే పుండు పైపొరను బ్లేడుతో గీరి పొట్టు తీయడం. రక్తం కూడా రాదు. ఆ పొట్టు మీద కేఓహెచ్ ద్రావణం వేస్తాం. అది ఘాటైన క్షారం, చర్మపు కణాలను కరిగిస్తుంది. ఫంగస్ గోడ మాత్రం దానికి కరగదు. చర్మం జారిపోయాక ఫంగస్ మిగులుతుంది. వెలుతురు తగ్గించి, ఓపికగా వెతకాలి.

నా దగ్గరికి వచ్చే ముందు ఆయన డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లాడు. అక్కడ యాదమ్మ సిస్టర్ గొంతు వరండా అంతా వినిపిస్తుంది. ఆ రోజు కూడా వినిపించింది.

"ఏందయ్యా గీ మసి? గుడికి పోతె కాళ్లు కడుక్కుంటవు గదా, దవాఖానకు ఒచ్చేటప్పుడు కడుక్కోరాదా? జీడి, మట్టి, ఆకు పసరు, అన్నీ గీ కాలు మీదనే పెట్టిండ్రు!"

యాదమ్మ చెడ్డ మనిషి కాదు. ఒక్కతే రోజంతా పుండ్లు కడిగేది. స్పిరిట్ దూదితో జోగయ్య కాలిని తోమి తోమి, నల్లగా కనిపించిందంతా తీసేసి, శుభ్రంగా నా దగ్గరికి పంపింది. నేను గీరాను, చూశాను. ఏమీ దొరకలేదు. రెండోసారి వచ్చినప్పుడు లచ్చమ్మ ముందే జాగ్రత్త పడింది, యాదమ్మకు తిట్టే పని పడలేదు. అప్పుడూ ఏమీ దొరకలేదు.

మేడం రిపోర్టు చూసి తల అడ్డంగా ఊపింది. "ఈ జబ్బులో పుండు మీద నల్ల చుక్కలు కనపడతాయి. ఆవగింజల్లా ఉంటాయి. లోపలి ఫంగస్‌ను చర్మం మెల్లగా పైకి తోసేస్తుంది, అది బయటికొచ్చే చోట్లు అవి. గీరితే అక్కడ గీరాలి. ఈయన కాలు మీద ఒక్కటీ లేదు. నేను అనుకుంటున్నది తప్పేమో."

ఆ సాయంత్రం నుంచే నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను. జబ్బు పేరు క్రోమోబ్లాస్టోమైకోసిస్. చెప్పులు లేకుండా అడవిలో, పొలంలో తిరిగేవాళ్లకు ముల్లుతోనో పుల్లతోనో చర్మంలోకి దిగే ఫంగస్. ఎండుకట్టెలో, మట్టిలో బతుకుతుంది. ఒంట్లోకి దిగాక ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

మూడోసారి వాళ్లు వచ్చిన రోజు నేను బోరింగు వైపు కిటికీ దగ్గర స్లైడ్లు ఆరబెడుతున్నాను. బయట జోగయ్య బోరింగు గట్టు మీద కాలు చాపి కూర్చున్నాడు. లచ్చమ్మ ఒక చేత్తో బోరింగు కొడుతూ, ఇంకో చేత్తో బీరపీచు పట్టుకుని ఆ పుండును రుద్దుతోంది. ఆయన పళ్లు బిగించి ఆకాశం చూస్తున్నాడు. కుంకుడు నురగ ఎర్రగా కారుతోంది. బీరపీచు నిండా నల్లటి పక్కులు.

నేను చేతిలో స్లైడు అక్కడే పెట్టి బయటికి పరుగెత్తాను.

"ఆగు లచ్చమ్మక్కా! కడగకు!"

ఆమె బెదిరిపోయింది. "ఏంది బిడ్డా, బోరింగు కాడ కడగొద్దా?"

"యాడా కడగొద్దు. గా నల్లటిదే మాకు కావాలె."

"గీ మసా?"

"అవ్, గదే."

జోగయ్య, లచ్చమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకు నవ్వొచ్చింది. "సిస్టరమ్మేమో కడుక్కరమ్మంటది, గీ బిడ్డేమో కడగొద్దంటది. మీరు మీరు మాట్లాడుకోండ్రి ముందుగాల."

అప్పుడు తెలిసింది. మొదటి రోజు యాదమ్మ తిట్టాక, దవాఖానాకు రావడమంటే వాళ్లకు శుద్ధిగా రావడమైంది. ఇంటి దగ్గర వేడినీళ్లతో ఒకసారి, వాగు దాటాక ఒకసారి, మళ్లీ ఇక్కడ బోరింగు దగ్గర ఒకసారి. పరాయివాళ్ల ముందు మురికి మనుషులు అనిపించుకోకూడదని ఆ మనిషి నొప్పి ఓర్చుకుంటూ కాలు ఇచ్చాడు, ఆమె రుద్దింది. జబ్బు తన సాక్ష్యాన్ని పైకి తోస్తూనే ఉంది. వీళ్లు దాన్ని బోరింగు దగ్గర కడిగేసి మా దగ్గరికి వస్తున్నారు.

మేడంకు చెప్పాను. ఆమె ఇద్దరినీ కూర్చోబెట్టుకుని, వచ్చే వారం దాకా కాలికి నీళ్లు తగలనివ్వొద్దని, జీడి పెట్టొద్దని చెప్పింది. లచ్చమ్మ ఒప్పుకోవడానికి చాలా కష్టపడింది.

"బస్సుల పక్కన కూసున్నోళ్లు ముక్కు మూసుకుంటరు మేడం. గట్లనే రమ్మంటరా?"

"గట్లనే రావాలె," అన్నాను నేను. యాదమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "గట్లనే రాండ్రి. నేనేమనను," అంది. ఆ తరువాత ఆమె పుండు కడిగే ముందు ల్యాబ్‌కు కబురు పంపేది.

మరుసటి వారం జోగయ్య కాలి మీద నల్ల చుక్కలు కనిపించాయి. సన్నగా, అక్కడక్కడా, ఎండిన రక్తపు గింజల్లా. బ్లేడు మొనతో ఒక్కొక్కటీ ఎత్తి స్లైడు మీద పెట్టాను. కేఓహెచ్ వేసి, కాసేపు ఆగి, కన్ను పెట్టాను.

వెతకాల్సిన పనే లేదు. మామూలు తామర ఫంగస్‌కు రంగుండదు. గాజు దారాల్లా ఉంటుంది, కళ్లు నొప్పి పుట్టేదాకా వెతకాలి. ఇవి అలా లేవు. గోధుమరంగు గుండ్రటి కణాలు, మందపాటి గోడలు, మధ్యలో అడ్డంగా నిలువుగా గీతలు. గుంపులు గుంపులుగా ఉన్నాయి. పాత రాగి పైసలను ఎవరో విసిరినట్టు. వాటిని స్క్లెరోటిక్ బాడీస్ అంటారు. నేను ఏ రంగూ వేయలేదు. ఆ రంగు వాటిదే.

మేడం వచ్చి చూసి, లేచి నిలబడి, మళ్లీ కూర్చుని చూసింది. "ఇదే," అంది. "కల్చర్‌కు కూడా పంపుదాం." కల్చర్ అంటే నమూనాను అగర్ అనే జెల్లీ మీద పెట్టి ఫంగస్‌ను పెంచడం. ఆ సదుపాయం మాకు లేదు, మెడికల్ కాలేజీకి పంపాం. అక్కడ వారాల తరబడి పెరిగి, మఖమల్ గుడ్డ ముక్కలా నల్లటి బూజు వచ్చిందని కబురు వచ్చింది.

ఫంగస్ అని చెప్పగానే లచ్చమ్మ మొహం పాలిపోయింది. "కరోనప్పుడు కండ్లు తీసేసిన బ్లాక్ ఫంగసా?"

"కాదక్కా. దానికి ఊరికే ఆ పేరొచ్చింది. అది పట్టిన చోట కండ చచ్చి నల్లగైతది గని, ఆ ఫంగస్ నల్లగుండదు. గిది నిజంగ నల్లది. గోడలనే నలుపుంది దీనికి."

"నలుపైతే ఏమైతది?" అని అడిగాడు జోగయ్య.

అది మంచి ప్రశ్న. నేను అప్పటికే చదివి ఉన్నందుకు నాకు సంతోషం కూడా కలిగింది. ఆయనకు చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

ఆ నలుపు పేరు మెలనిన్. మన చర్మానికి, వెంట్రుకకు రంగునిచ్చేది కూడా మెలనినే. ఫంగస్ తన మెలనిన్ తానే తయారుచేసుకుని గోడలో పూసుకుంటుంది. అడవిలో అది ఎండ నుంచి, కరువు నుంచి దానికి కవచం. మన ఒంట్లోకి వచ్చాక అదే కవచం ఇంకో పనికి వస్తుంది. మన రక్తంలో తెల్ల కణాలు బయటి జీవిని మింగి, బ్లీచింగ్ పౌడర్ లాంటి ఘాటైన రసాయనాలతో లోపలే కాల్చేస్తాయి. మెలనిన్ ఆ ఘాటును పీల్చేసుకుంటుంది. కొన్ని మందులను కూడా గోడ దగ్గరే పట్టి ఉంచి లోపలికి పోనివ్వదు. ప్రయోగశాలల్లో ఇలాంటి కొన్ని ఫంగస్‌లను మెలనిన్ తయారుచేయకుండా చేసి చూశారు. తెల్లబడిన ఫంగస్ అంత తేలికగా జబ్బు చేయలేకపోయింది. నలుపు విషం కాదు, దానికదిగా మనిషిని చంపదు. చావకుండా కాచుకుని కూర్చునే ఓపికను ఆ నలుపు ఫంగస్‌కు ఇస్తుంది.

జోగయ్యకు నేను ఇంకో ఉదాహరణ చెప్పాను. మా నాన్న పొలంలో చూసిందే. వరికి అగ్గి తెగులు వస్తుంది. ఆకు మీద కండె ఆకారపు మచ్చలు, తరువాత మడి అంతా మాడినట్టు అయిపోతుంది. అదీ ఫంగసే. ఆకులోకి దూరడానికి మెలనిన్ పూసిన చిన్న తిత్తి ఒకటి కట్టి, అందులో ఒత్తిడి పెంచి, దబ్బనంలా గుచ్చుతుంది. అగ్గి తెగులుకు మనవాళ్లు కొట్టే మందుల్లో ఒకటి ఫంగస్‌ను చంపదు, దాని మెలనిన్‌ను ఆపుతుంది. తిత్తికి బలం రాదు, ఆకులోకి దిగలేదు. బోనకల్ నుంచి మా ఊరి దాకా రైతులందరూ ఆ మందు కొట్టినవాళ్లే, అది దేని మీద పనిచేస్తుందో చాలామందికి తెలియదు. గ్రంథాలయంలో ఆ పేజీ చదివిన రోజు నేను మా నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

జోగయ్య అంతా విని అడిగాడు. "మరి గా మందు తెచ్చి నా కాలుకు కొడితె?"

"కాలుకు కాదు పెద్దయ్యా, ప్రాణానికి వస్తది. గది మనుషులది కాదు, వరిది. ఒక్క చుక్క గూడ పెట్టొద్దు."

"పెట్ట తియ్యి. అడిగిన. అడిగితె తప్పా?"

"నువ్వడిగినవంటే పెడతవేమోనని నాకు బుగులు," అంది లచ్చమ్మ. "జీడి పెట్టినోడివి గదా."

"జీడి పెట్టింది నువ్వు!"

మేడం ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ రాసింది. నెలల తరబడి వాడాలి, మధ్యలో ఆపకూడదు. రాసి, మళ్లీ బయాప్సీ మాట ఎత్తింది. మడమ దగ్గర ఒక బొడిపె మిగతావాటికంటే వేరుగా ఉందని, అక్కడ ఒక్క చిన్న ముక్క తీస్తే మంచిదని చెప్పింది.

జోగయ్య ఈసారి కోపంగా కాదు, ధైర్యంగా వద్దన్నాడు. "రోగం దొరికింది గదా మేడం. బిడ్డ అద్దంల సూసింది, మీరు సూసిండ్రు. ఇగ ముక్కెందుకు?"

మా ఇద్దరికీ అప్పుడు ఆనందంగా ఉంది. కాలు తీయాలన్నారని పారిపోయి వచ్చిన మనిషికి, కాలు తీయక్కర్లేని జవాబు దొరికింది. మేడం ఇంకో రెండుసార్లు అడిగి ఊరుకుంది. మనిషి వద్దన్నాక కత్తి పెట్టలేం. వచ్చినప్పుడల్లా అడుగుతానంది, అడిగింది కూడా.

చలికాలం వచ్చేసరికి కాలు మారింది. పైభాగంలో బొడిపెలు చదునయ్యాయి, కొత్త చర్మం లేతగా కనిపించింది. వాసన పోయింది. సంక్రాంతి దాటాక వచ్చినప్పుడు జోగయ్య వరండాలో నడిచి చూపించాడు. "ఎండకాలం తునికాకుకు పోత," అన్నాడు. లచ్చమ్మ నాకు ఆయన అల్లిన చిన్న వెదురు తట్ట తెచ్చింది.

ఆ రోజు కూడా స్క్రేపింగ్ చేశాను. గోధుమరంగు కణాలు ఇంకా కనిపించాయి. లచ్చమ్మ నా భుజం పక్కన నిలబడి అడిగింది. "సచ్చినయా, బతికినయా?"

"సూస్తె తెల్వదక్కా."

అది నిజం. మెలనిన్ గోడ ఎంత గట్టిదంటే, లోపలి కణం చచ్చిపోయినా గోడ అదే ఆకారంలో నిలబడి ఉంటుంది. పరిశోధకులు ఇలాంటి కణాలను ఎంజైములతో కరిగించి, ఘాటైన యాసిడ్‌లో మరిగించినా చివరికి ఖాళీ మెలనిన్ డొల్లలు మిగిలాయట. వాటికి మెలనిన్ ఘోస్ట్స్ అని పేరు పెట్టారు. దయ్యాలు. నేను చూస్తున్నవి దయ్యాలో బతికినవో చెప్పడానికి కల్చర్ ఒక్కటే దారి. మళ్లీ పంపాం. ఈసారి ఏమీ పెరగలేదు. ఫంగస్ చచ్చింది.

కానీ మడమ దగ్గరి బొడిపె పెరుగుతోంది. మిగతా కాలంతా ఎండిపోతుంటే అది ఒక్కటీ పచ్చిగా, ముట్టుకుంటే రక్తం కారేలా, గోబీపువ్వులా లేస్తోంది. మేడం ఈసారి అడగలేదు, చెప్పింది. "ఇది ఫంగస్ కాదు పెద్దయ్యా. ఇది వేరే. ముక్క తియ్యకపోతే నేను నీకు మందియ్యలేను." లచ్చమ్మ ఏడ్చింది. జోగయ్య మంచం మీద పడుకుని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. సన్నటి గొట్టం లాంటి బ్లేడుతో పంచ్ బయాప్సీ తీయడానికి ఎంతోసేపు పట్టలేదు. అయ్యాక ఆయన లేచి, సీసాలో మందునీళ్లలో తేలుతున్న ముక్కను చూశాడు. కందిగింజంత కూడా లేదు.

"గింతేనా?" అన్నాడు.

"గింతే."

ఆయన ఆ సీసాను వెలుతురుకు పట్టి మళ్లీ చూశాడు.

రిపోర్టు క్యాన్సర్ అని వచ్చింది. ఏళ్ల తరబడి మానని పుండులో చర్మం విసిగిపోయి అలా మారుతుంది. స్క్వామస్ సెల్ కార్సినోమా అంటారు. స్కాన్‌లో అది ఎముక దాకా పోయింది. ఖమ్మంలో కాదు, ఇంకా పెద్ద ఊళ్లో మోకాలి కింద నుంచి కాలు తీశారు. ఫంగస్‌కు కాదు, ఫంగస్ అన్నేళ్లు కూర్చున్న చోటుకు ఆ కాలు పోయింది. ఆ ముక్క మొదటి రోజే తీసి ఉంటే ఏమయ్యేది అని మేడంను అడిగాను. అప్పటికే మొదలైందో లేదో ఎవరూ చెప్పలేరంది. మళ్లీ తనే, "చిన్నగా ఉండగా దొరికితే ఆ ఒక్క ముద్దే కోసేవాళ్లు," అంది.

ఎండలు ముదిరాక చర్ల వైపు ఊళ్లలో మెడికల్ క్యాంపు పెట్టారు. నేను రక్తపరీక్షల కోసం వెళ్లాను. జోగయ్య ఇంటి ముందు పందిరి కింద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. నడవగలిగినవాళ్లంతా తునికాకుకు అడవిలోకి పోయారు. లచ్చమ్మ కూడా పోయింది. ఆయన ఒంటరిగా ఉన్నాడు.

"బాగున్నవా పెద్దయ్యా?"

"కూసున్న బిడ్డా. ఇగ కూసునుడే గదా."

క్యాంపుకు జనం జ్వరాలకు వచ్చారు, దగ్గులకు వచ్చారు. కాళ్లు చూపించమంటే మాత్రం చూపించలేదు. ఒకామె చీర అంచు లాగి పాదం కప్పుకుంది. నేను చూశాను, ఆమె నేను చూడటం చూసింది, లేచి వెళ్లిపోయింది. జోగయ్యకు ఆ మాట చెప్పాను.

"మరి ఎట్లొస్తరు?" అన్నాడాయన. "కాలుమీద పోయినోడు సంకల కట్టె పెట్టుకొని ఒచ్చిండు. గదే కండ్లబడ్డది ఊరికి. ఫంగసు సచ్చిందని నువ్వంటవు. సచ్చింది యాడ కనపడ్డది?"

ఆ మాటకు నేను చదివినదేదీ పనికి రాలేదు.

ఆయన పక్కింటి బీమయ్య ఆ ఎండలో అడవి నుంచి ఆకు మోపుతో వచ్చాడు. నలభై లోపు మనిషి. ఎడమ పాదం పక్కన చింతగింజంత గరుకు బొడిపె ఉంది. జోగయ్య కత్తి కింద పెట్టి పిలిచాడు.

"ఏయ్ బీమా, నీ కాలు సూపియ్యి గీ బిడ్డకు."

"నాకేమైంది? ఉలిపిరికాయ గది."

"నాది గూడ ఉలిపిరికాయనే అన్నరు."

"నీ లెక్క కోపిచ్చుకొమ్మంటవా?" అన్నాడు బీమయ్య. వెంట మోపులతో వచ్చిన ఇద్దరు నవ్వారు.

జోగయ్య నవ్వలేదు. లుంగీ పక్కకు జరిపి, మిగిలిన మోకాలిని అరచేత్తో పట్టుకున్నాడు. "చిన్న ముక్క అడిగిండ్రు నన్ను. కందిగింజంత. నేను ఇయ్యలే. తప్పిచ్చుకొని తప్పిచ్చుకొని తిరిగిన. ఆఖరికి పెద్ద ముక్క ఇచ్చిన. నువ్వు చిన్నదియ్యి."

బీమయ్య మోపు తల మీద సర్దుకున్నాడు. ఇంట్లోకి పోయాడు. ఆ రోజు రాలేదు. ఆకు సీజన్ అయిపోయాక, వాగుకు నీళ్లు రాకముందే, జోగయ్య తరిమితే వచ్చాడు. ఆ చింతగింజంత బొడిపెలో అవే గోధుమరంగు పైసలు దొరికాయి. దాన్ని మొత్తంగా కోసి తీసేశారు. ఇప్పుడు నడుస్తున్నాడు.

ఆ ఊరి నుంచి కాలు చూపించుకోవడానికి జోగయ్య తరువాత ఇప్పటిదాకా వచ్చింది అతనొక్కడే. చీర అంచుతో పాదం కప్పుకున్న ఆమె రాలేదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

ఈ కేసు తరువాత నేను పనిలో కొన్ని అలవాట్లు మార్చుకున్నాను. ఎవరి నుంచి ఏం తీయాలన్నా ముందు ఎంత తీస్తామో గింజ తెచ్చి చూపిస్తాను. కంది, పెసర, ఆవ, మూడూ చిన్న డబ్బాలో నా బల్ల మీద ఉంటాయి. ఒక జవాబు దొరికిందని రోగి ముందు సంబరపడను. పుండును తిట్టకుండా చూడమని కొత్తగా వచ్చే ప్రతి సిస్టర్‌కూ చెబుతాను. ఇవన్నీ చేయగలిగినవి కాబట్టి చేస్తున్నాను. మెలనిన్ గురించి నేను ఎంత చదివినా, నా మైక్రోస్కోపు కింద కనిపించేది దవాఖానాకు వచ్చినవాళ్ల జబ్బు మాత్రమే. రానివాళ్ల చర్మం కింద ఆ నల్ల కణాలు ఈ రోజు కూడా ఓపికగా కూర్చునే ఉంటాయి.